టేపు లేదు, మేస్త్రీ లేడు.. కణం లోపల కొలతలు తీసేది ఎవరు?

ఈ రోజు మన హీరో ఒక నాచు. అవును, చెరువులో పచ్చగా తేలే నాచే. టెన్త్ అవ్వగానే ఎంపీసీ తీసుకుని బయాలజీకి టాటా చెప్పేసిన నాలాంటి వాళ్ళు భయపడకండి, బొమ్మ గీసి భాగాలు గుర్తించమని ఎవరూ అడగరు. బైపీసీ వాళ్ళు మాత్రం మొదటి రెండు నిమిషాలు కాస్త ఓపిక పట్టండి.

దీని పేరు క్లామిడోమోనాస్. మొత్తం ఒంట్లో ఉండేది ఒకే ఒక్క కణం. సైజు దాదాపు 10 మైక్రాన్లు. ఒక ఏడెనిమిదింటిని పక్కపక్కన పేరిస్తే మన తల వెంట్రుక మందం వస్తుంది, అంత చిన్నది. దానికి ముందు వైపు రెండు తోకలు ఉంటాయి. పుస్తకాల్లో కశాభాలు అంటారు, ఇంగ్లీష్ మీడియం వాళ్ళకి ఫ్లాజెల్లా. నేను తోకలు అనే అంటా. మనం ఈత కొట్టేటప్పుడు రెండు చేతులతో నీళ్ళని వెనక్కి తోస్తాం కదా, ఇది ఆ రెండు తోకలతో అలాగే తోసుకుంటూ వెళ్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ తోకల పొడవు 10 నుంచి 12 మైక్రాన్లు. ఈ కణంలో అంతే, పక్క కణంలో అంతే, రేపు పుట్టబోయే కణంలో కూడా అంతే. రెండు తోకలూ సమానంగా ఉంటాయి. ఒకటి పొట్టిగా, ఇంకోటి పొడుగ్గా ఉంటే అది ముందుకు వెళ్ళదు, అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతుంది.

మరి ఆ కొలత ఎక్కడ రాసి ఉంది? నేను అయిదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశా కాబట్టి నా బుర్ర నేరుగా కాన్ఫిగ్ ఫైల్ దగ్గరికి వెళ్తుంది. ఎక్కడో ఒక చోట మ్యాక్స్ లెంగ్త్ ఈక్వల్స్ 12 అని ఉండాలి కదా? డీఎన్ఏలో ఉంటుందిలే అంటారు చాలామంది. కానీ డీఎన్ఏలో ఉండేది ప్రధానంగా ప్రోటీన్ల రెసిపీలు, ఏ ప్రోటీన్ ఎప్పుడు ఎంత చేయాలో చెప్పే స్విచ్‌లు. అంటే ఇటుక ఎలా చేయాలో ఉంది. గోడ ఎంత ఎత్తులో ఆపాలో రాసిన కాగితం లేదు. టేపు పట్టుకుని నిలబడే మేస్త్రీ లేడు. అయినా గోడ ప్రతిసారీ కరెక్ట్ ఎత్తులో ఆగుతోంది.

ఇది నాచు ఒక్కదాని సమస్య కాదు. మన కణాల్లో కేంద్రకం ఉంటుంది, మైటోకాండ్రియా ఉంటాయి, సెంట్రియోల్స్ ఉంటాయి. ఒక్కోటి ఎంత సైజులో ఉండాలి, ఎన్ని ఉండాలి అనేది తప్పితే జబ్బులు వస్తాయి. ఆ జబ్బుల దగ్గరికి వస్తా. ముందు నాచు సంగతి, ఎందుకంటే కొలవడానికి అదే ఈజీ. తోక అంటే ఒక గీత. మైక్రోస్కోపు కింద పొడవు చూస్తే చాలు.

1969లో జోయెల్ రోజెన్‌బామ్ అనే సైంటిస్టు, ఆయన టీమ్ కలిసి కొన్ని ప్రయోగాలు పబ్లిష్ చేశారు. ఈ ఫీల్డులో ఇప్పటికీ అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు.

మొదటిది. రెండు తోకలూ ఊడిపోయేలా చేశారు. ఊడిన తోకలు మళ్ళీ మొలిచాయి. రెండు గంటల లోపు దాదాపు పాత పొడవుకి వచ్చేశాయి. గమనించాల్సింది ఏంటంటే, మొదట్లో చాలా స్పీడుగా పెరిగాయి, పొడవయ్యేకొద్దీ స్లో అయ్యాయి. బండి స్టాండ్‌లో ఆపేముందు మనం స్లో చేస్తాం చూడండి, అలా. ఈ స్లో అవ్వడం అనే పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండోది. కణం కొత్త ప్రోటీన్లు తయారు చేసుకోకుండా మందు పెట్టి ఆపేసి, అప్పుడు తోకలు ఊడగొట్టారు. అయినా మొలిచాయి, కానీ సగం పొడవు వరకే. అంటే కణం లోపల ఎప్పుడూ ఒక గోడౌన్ ఉంది. సగం తోకలకి సరిపడా మెటీరియల్ రెడీగా ఉంచుకుంటుంది.

మూడోది నా ఫేవరెట్. రెండింట్లో ఒక్క తోకని మాత్రమే కట్ చేశారు. రెండోదాన్ని ముట్టుకోలేదు. ఏం జరిగి ఉంటుంది? చదువుతున్నవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగి గెస్ చేయండి.

తెగిన తోక పెరగడం మొదలైంది. అది మనం అనుకున్నదే. కానీ తెగని తోక, దాని మానాన అది ఉన్న తోక, పొట్టిగా అవ్వడం మొదలైంది! ఇది పెరుగుతోంది, అది తగ్గుతోంది. మధ్యలో ఎక్కడో రెండూ సమానం అయ్యాయి. సమానం అయ్యాక రెండూ కలిసి మళ్ళీ పెరిగి పాత పొడవుకి వచ్చి ఆగాయి.

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకడి ప్లేట్లో అన్నం పడిపోయినప్పుడు అమ్మ ఇంకోడి ప్లేట్లోంచి తీసి సర్దుతుంది, తర్వాత ఇద్దరికీ మళ్ళీ వండి పెడుతుంది. అచ్చం అదే. కాకపోతే ఇక్కడ అమ్మ లేదు. అంటే ఎవరూ చూసి, కొలిచి, సర్దడం లేదు. మరి ఎలా?

దీనికి జవాబు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1993లో యేల్ యూనివర్సిటీలో రోజెన్‌బామ్ ల్యాబ్ వాళ్ళే, కీత్ కోజ్‌మిన్‌స్కీ అనే స్టూడెంట్ ముందుండి, కదలని తోకలున్న నాచు రకాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి వీడియో తీశారు. తోక కదలకపోవడంతో లోపల జరిగేది కనిపించింది. చిన్న చిన్న మూటలు మొదలు నుంచి చివరికి వెళ్తున్నాయి, చివరి నుంచి వెనక్కి వస్తున్నాయి. ఆగకుండా. వెళ్ళేటప్పుడు సెకనుకు దాదాపు 2 మైక్రాన్ల స్పీడు, వచ్చేటప్పుడు ఇంకాస్త స్పీడు. తోక అంటే కట్టేసి తాళం వేసిన ఇల్లు కాదన్నమాట. పూర్తయిన తోకలో కూడా చివర్లో ఎప్పుడూ కొంత ఊడుతూనే ఉంటుంది, కొత్తది వచ్చి అతుక్కుంటూనే ఉంటుంది. మెటీరియల్ మోసుకెళ్ళే లారీలే ఆ మూటలు.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. సింపుల్ లెక్కే, తిట్టుకోకండి.

ఒక రోడ్డు వేస్తున్నారు అనుకోండి. గోడౌన్ ఒక చివర ఉంది, పని జరిగేది ఇంకో చివర. మన దగ్గర ఉన్నవి 10 లారీలే. స్పీడు గంటకు 30 కిలోమీటర్లు. రోడ్డు 3 కిలోమీటర్లు ఉన్నప్పుడు పోయి రావడానికి 12 నిమిషాలు. ఒక్కో లారీ గంటకు 5 ట్రిప్పులు, మొత్తం 50 లోడ్లు చివరికి చేరతాయి. రోడ్డు 5 కిలోమీటర్లు అయితే పోయి రావడానికి 20 నిమిషాలు, గంటకు 30 లోడ్లు. 10 కిలోమీటర్లు అయితే 15 లోడ్లు. 15 కిలోమీటర్లు అయితే 10 లోడ్లే. లారీలు తగ్గలేదు, స్పీడు తగ్గలేదు. దారి పెరిగింది, అంతే.

ఇప్పుడు రెండో వైపు. ఈ రోడ్డు చివర వాన నీళ్ళకి గంటకు 15 లోడ్ల మెటీరియల్ కొట్టుకుపోతోంది అనుకోండి. రోడ్డు ఎంత పొడవున్నా ఆ కొట్టుకుపోయేది మాత్రం 15 లోడ్లే.

రోడ్డు పొట్టిగా ఉన్నప్పుడు 50 వస్తోంది, 15 పోతోంది. రయ్యిన పెరుగుతుంది. పెరిగేకొద్దీ వచ్చేది తగ్గుతుంది, అందుకే స్లో అవుతుంది. 10 కిలోమీటర్ల దగ్గర వచ్చేది 15, పోయేది 15. అక్కడ ఆగిపోయింది. ఎవరో పనిగట్టుకుని 15 కిలోమీటర్ల దాకా పొడిగించారు అనుకోండి, వచ్చేది 10, పోయేది 15, కాబట్టి తగ్గుతూ తగ్గుతూ మళ్ళీ 10కే వస్తుంది. నేను పైథాన్‌లో రాసి చూశా, ఇరవై లైన్లు కూడా లేదు. 1తో స్టార్ట్ చేసినా 40తో స్టార్ట్ చేసినా 10 దగ్గరికే వచ్చింది. ఆ కోడ్‌లో ఎక్కడా 10 అనే టార్గెట్ పెట్టలేదు. గోడౌన్‌లో కూర్చున్నవాడికి రోడ్డు పొడవెంతో తెలియాల్సిన అవసరమే లేదు.

వాలెస్ మార్షల్, రోజెన్‌బామ్ ఇద్దరూ కలిసి 2001లో తోకల గురించి చెప్పింది ఇదే. కట్టే స్పీడు పొడవుతో పాటు తగ్గుతుంది, ఊడే స్పీడు మారదు, రెండూ కలిసే చోట పొడవు ఆగుతుంది.

దీంతో ఆ ఒక్క తోక కట్ చేసిన ప్రయోగాన్ని మళ్ళీ చూడండి. గోడౌన్ ఒకటే, రోడ్లు రెండు. తెగిన వైపు దారి పొట్టి కాబట్టి లారీలు గబగబా తిరిగి గోడౌన్‌లో సరుకు ఖాళీ చేసేస్తున్నాయి. తెగని వైపు వెళ్ళే లారీలు సగం ఖాళీగా వెళ్తున్నాయి, కానీ అక్కడ ఊడేది మాత్రం ఆగలేదు. అందుకే అది తగ్గింది. రెండు దార్లూ సమానం అయ్యాక సరుకు సమానంగా పంచుకున్నాయి. ఈలోపు కణం కొత్త ప్రోటీన్లు చేసి గోడౌన్ నింపింది, రెండూ కలిసి పెరిగాయి. అమ్మ లేకుండానే పంపకం అయిపోయింది.

ఈ లెక్కలో ఊడే స్పీడు తగ్గించినా, లారీలు పెంచినా రోడ్డు పొడవవ్వాలి. గంటకు 15 బదులు 10 లోడ్లే కొట్టుకుపోతే రోడ్డు 15 కిలోమీటర్లకు వెళ్తుంది. 10 బదులు 20 లారీలు పెడితే 20కి వెళ్తుంది. నాచులో నిజంగానే పొడుగు తోకల రకాలు ఉన్నాయి. ఒక జీన్ పాడైతే మామూలు కంటే చాలా పొడుగు తోకలు వచ్చేస్తాయి. వాటిలో ఎల్‌ఎఫ్4 అనే జీన్ ఏం తయారు చేస్తుందో 2003లో తేలింది. అదొక కైనేజ్, అంటే వేరే ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్ స్టాంపు వేసే ఎంజైమ్. ఇంకో విచిత్రం చూడండి. కొన్ని పొడుగు తోకల రకాలని మామూలు నాచుతో జత కలిపితే, రెండు కణాలు కలిసిపోయి కొంతసేపు నాలుగు తోకల కణం అవుతుంది. రెండు పొడుగు, రెండు మామూలు. నిమిషాల్లో ఆ పొడుగు తోకలు తగ్గి మామూలు సైజుకి వచ్చేస్తాయి. లోపించిన ప్రోటీన్ పక్క కణం నుంచి అందింది మరి.

అలాగని కథ అంత క్లీన్‌గా అయిపోయింది అనుకోకండి. 2017లో తేలింది ఏంటంటే, మూటలని చివరికి లాగే మోటార్ ప్రోటీన్, కైనెసిన్, ఈ నాచులో వెనక్కి మాత్రం బండెక్కి రాదు. చివర్లో దిగిపోయి, నీళ్ళలో వేసిన సిరా చుక్కలా అటూ ఇటూ విస్తరిస్తూ మొదలు దగ్గరికి చేరుతుంది. తోక పొడవైతే అలా తిరిగి రావడానికి చాలా ఎక్కువ టైమ్ పడుతుంది. పొడవు డబుల్ అయితే ఆ టైమ్ నాలుగు రెట్లు. అంటే పొడవుని కొలిచే టేపు ఆ తిరుగు ప్రయాణమే కావచ్చు. నా లారీల లెక్కలో లారీ వెనక్కి వచ్చే స్పీడు మారాలన్నమాట. బ్యాలెన్స్ అనే ఐడియా మాత్రం అలాగే ఉంది.

సరే, ఇంతసేపు విన్నారు. ఎవరో ఒకరు ఇప్పటికే కామెంట్ టైప్ చేస్తూ ఉంటారు, నాచు తోక 12 ఉంటే ఏంటి, 20 ఉంటే ఏంటి బ్రో, మనకెందుకు అని.

మీ కిడ్నీలో మూత్రం వడకట్టే సన్నటి గొట్టాలు ఉంటాయి కదా. ఆ గొట్టాల గోడల్లో ఉండే దాదాపు ప్రతి కణానికీ లోపలి వైపు ఒక చిన్న తోక లాంటిది ఉంటుంది. శైలిక, లేదా సిలియం అంటారు. లోపల కట్టుబడి నాచు తోక లాంటిదే, లారీలు కూడా అవే. ఇది ఈదదు, యాంటెన్నాలాగా నిలబడి ఉంటుంది. చాలా ఏళ్ళు సైంటిస్టులు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. పరిణామంలో మిగిలిపోయిన పనికిరాని ముక్క అనుకున్నారు.

2000లో గ్రెగరీ పజూర్, ఆయన తోటివాళ్ళు కలిసి నాచులోని ఆ లారీల్లో ఒక పార్టు, ఐఎఫ్‌టీ88 అనే ప్రోటీన్, దాని జీన్ పట్టుకున్నారు. అది లేని నాచుకి తోకలే మొలవవు. ఆ జీన్‌ని వేరే జీవుల్లో వెతికితే అదే జీన్ ఎలుకల్లోనూ దొరికింది. అది పాడైన ఎలుకలు అప్పటికే ల్యాబుల్లో ఉన్నాయి, వేరే కారణంతో. వాటి కిడ్నీల నిండా నీటి బుడగలు. పుట్టిన కొన్నాళ్ళకే చనిపోతాయి. వెంటనే వాటి కిడ్నీలని మైక్రోస్కోపు కింద చూశారు. శైలికలు మామూలు కంటే బాగా పొట్టిగా ఉన్నాయి.

మనుషుల్లో పాలిసిస్టిక్ కిడ్నీ అనే జబ్బు ఉంది. రెండు కిడ్నీల్లోనూ నీటి బుడగలు వస్తాయి, ఏళ్ళ తరబడి పెరుగుతాయి. ఎక్కువగా కనిపించే రకంలో తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ 50 శాతం చాన్స్. ఆ రకం ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి 60 ఏళ్ళు వచ్చేసరికి కిడ్నీలు ఫెయిల్ అవుతాయి. డయాలసిస్, లేదా ట్రాన్స్‌ప్లాంట్. ఈ జబ్బులో ప్రధానంగా పాడయ్యే రెండు జీన్లు, పీకేడీ1, పీకేడీ2. అవి చేసే ప్రోటీన్లు ఎక్కడ ఉంటాయా అని చూస్తే, అవీ ఆ యాంటెన్నా మీదే తేలాయి. ఎలుకల్లో యాంటెన్నానే పొట్టి. ఈ మనుషుల్లో యాంటెన్నా ఉంది, దానికి ఉండాల్సిన రిసీవర్ పాడైంది. రెండు దార్లలోనూ చివరికి బుడగలే.

ఒక చిన్న క్లారిటీ, ఎందుకంటే కిడ్నీ అనగానే మన వాళ్ళకి ఉద్దానం గుర్తొస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉన్న కిడ్నీ సమస్య వేరు, అది ఈ బుడగల జబ్బు కాదు. రెండూ కలిపి ఫార్వర్డ్ మెసేజ్‌లు చేయకండి ప్లీజ్. ఇక మీ ఇంట్లో అమ్మకో నాన్నకో పాలిసిస్టిక్ కిడ్నీ అని డాక్టర్ చెప్పి ఉంటే, నా వీడియో చూసి ఊరుకోకుండా మీ సంగతి కూడా ఆ డాక్టర్‌నే అడగండి. మామూలు అల్ట్రాసౌండ్ స్కాన్‌లో చాలావరకు కనిపిస్తుంది. బీపీ కంట్రోల్‌లో పెట్టుకోవడం ముఖ్యం. బుడగల పెరుగుదలని నెమ్మదింపజేసే టోల్‌వాప్టాన్ అనే మందుకి 2018లో అమెరికాలో పర్మిషన్ వచ్చింది. అది అందరికీ సరిపోయేది కాదు, లివర్ మీద కన్నేసి వాడాలి.

ఇప్పటిదాకా సైజు. నంబర్ సంగతి పూర్తిగా వేరే గేమ్. తోక 12 బదులు 11.8 ఉన్నా నడుస్తుంది. కానీ రెండు ఉండాల్సిన చోట మూడు ఉంటే నడవదు. అక్కడ సుమారుగా అనే మాట లేదు.

కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములని అటు సగం ఇటు సగం లాగడానికి రెండు వైపులా రెండు కేంద్రాలు కావాలి. ఒక్కో కేంద్రం నడుమ సెంట్రియోల్ అనే చిన్న గొట్టాల జత ఉంటుంది. ప్రతి సెంట్రియోల్ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క పిల్లనే పెట్టాలి. ఎక్కువైతే మూడు వైపుల నుంచి, నాలుగు వైపుల నుంచి లాగుడు మొదలై క్రోమోజోముల పంపకం గల్లంతు అవుతుంది. చాలా రకాల క్యాన్సర్ కణాల్లో ఇవి ఎక్కువ ఉంటాయి. థియోడర్ బోవెరి అనే జర్మన్ సైంటిస్టు 1914లోనే క్యాన్సర్‌కీ ఈ తప్పుడు పంపకానికీ లింక్ ఉండొచ్చని రాశారు. అటు తక్కువైనా సమస్యే. సెంట్రియోల్ తయారీకి కావాల్సిన కొన్ని జీన్లు పాడైతే పిల్లలు చిన్న మెదడుతో, చిన్న తలతో పుడతారు.

ఒక్కటే అని కణం ఎలా లెక్కపెడుతుంది? లెక్కపెట్టదు. కోడింగ్ చేసేవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, లాక్ వేస్తుంది. కొత్త పిల్ల సెంట్రియోల్ తల్లికి గట్టిగా అతుక్కుని ఉన్నంతసేపు తల్లి ఇంకో పిల్లని పెట్టలేదు. విభజన చివర్లో సెపరేజ్ అనే ఎంజైమ్, ఇంకో కైనేజ్ కలిసి ఆ అతుకు విడదీస్తాయి. అప్పుడే లాక్ తెరుచుకుంటుంది. ఇది సైకిల్‌కి ఒక్కసారి అనే రూల్.

ఒక్క పిల్లే ఎందుకు అనేది పీఎల్‌కే4 అనే ప్రోటీన్ చూసుకుంటుంది. పిల్ల పుట్టాలంటే ఇది కావాలి. కానీ ఇది రెండు ఒక చోట చేరితే ఒకదాని మీద ఒకటి స్టాంపు వేసుకుంటాయి. ఆ స్టాంపు పడ్డది కణంలోని చెత్త యంత్రంలోకి వెళ్ళిపోతుంది. ఎక్కువైతే ఎక్కువ పోతుంది. చివరికి తల్లి చుట్టూ ఒక్క చోట మాత్రమే మిగులుతుంది, పిల్ల అక్కడే పుడుతుంది. ల్యాబ్‌లో పీఎల్‌కే4ని బలవంతంగా పెంచితే తల్లి చుట్టూ బంతిపువ్వు రేకుల్లా ఒకేసారి బోలెడు పిల్లలు వస్తాయి. ఆ ఫోటో చూస్తే భలే అందంగా ఉంటుంది, కణానికి మాత్రం డేంజర్. అలాగని మన ఒంట్లో ఎక్కడా ఈ రూల్ తప్పరని కాదు. మన శ్వాసనాళం లోపలి కణాలు కావాలనే వందకు పైగా సెంట్రియోల్స్ చేసుకుంటాయి, కఫాన్ని పైకి నెట్టే శైలికల కోసం. ఆ కణాలు ఇక విభజన చెందవు కాబట్టి వాటికి నష్టం లేదు.

కేంద్రకం గురించి కూడా అడుగుతారని తెలుసు, క్విక్‌గా చెప్పేస్తా. డీఎన్ఏ ఎంత ఉంటే కేంద్రకం అంత ఉంటుంది అనిపిస్తుంది కదా? 2007లో ఫ్రాంక్ న్యూమన్, నోబెల్ వచ్చిన పాల్ నర్స్ కలిసి ఒక రకం ఈస్టులో చూశారు. కేంద్రకం కణంలో దాదాపు 8 శాతం ఉంటుంది. డీఎన్ఏ 16 రెట్లు తేడా ఉన్నా ఆ నిష్పత్తి మారలేదు. కణం పెద్దదైతే కేంద్రకం పెద్దదైంది, అంతే.

మైటోకాండ్రియా ఎన్ని అని అడిగితే ప్రశ్నే సరిగ్గా కుదరదు, ఎందుకంటే అవి కలుస్తూ విడిపోతూ వలలాగా ఉంటాయి. మొత్తం ఎంత ఉంది అని అడగాలి. 1967లో జాన్ హాలోజీ ఎలుకలని కొన్ని వారాల పాటు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తే, వాటి కండరాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఎంజైములు సుమారు రెట్టింపు అయ్యాయి. మానేస్తే మళ్ళీ తగ్గుతాయి, జిమ్ మెంబర్‌షిప్ ఉన్నంత మాత్రాన కణం ఒప్పుకోదు.

ఎక్కువైన మైటోకాండ్రియాని కణం ఎలా తినేస్తుంది అనేది ఆటోఫజీ, 2016లో యోషినోరి ఒహ్‌సుమికి నోబెల్ తెచ్చిన టాపిక్. దానికి ఒక ఎపిసోడ్ కావాలి, వచ్చే వారం అదే చేస్తున్నా. పైథాన్ కోడ్ కావాలంటే కామెంట్‌లో అడగండి, పెడతా. లారీల సంఖ్య మార్చి, ఊడే స్పీడు మార్చి మీరే ఆడుకోండి. రెండు రోడ్లు, ఒకటే గోడౌన్ వెర్షన్ ఎవరైనా రాసి పంపితే నెక్స్ట్ వీడియోలో రన్ చేసి చూపిస్తా. ఉంటా మరి, బై.